ఫేస్‌బుక్ పేజీ పోస్టులు, కామెంట్లు మైఎస్‌క్యూఎల్‌లోకి: తెలుగు, ఉర్దూ, ఎమోజీ పాడవకుండా ఎలా?

మూసీగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్తే. హైదరాబాద్ పాత కట్టడాల మీద నడిచే ఫేస్‌బుక్ పేజీ మాది. మెట్లబావులు, దేవిడీలు (నవాబుల కాలపు భవంతులు), కమాన్లు, మూతపడ్డ సినిమా హాళ్లు, ఇలాంటివి. 2014 నుంచి లెక్కేస్తే 4,000 పోస్టుల దాకా ఉన్నాయి. అసలు సరుకంతా కామెంట్లలోనే ఉంది. ఫలానా కమాను ఎవరు కట్టించారు, ఏ గల్లీలోంచి దారి, పక్కన ఏ హోటల్ ఉండేది, అన్నీ పాత బస్తీవాళ్లు అక్కడే రాశారు. కొందరు తెలుగులో, కొందరు ఉర్దూ లిపిలో, మిగతావాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో.

ఇదంతా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి తెచ్చి, పీహెచ్‌పీ (వెబ్ ప్రోగ్రామింగ్ భాష) సైటులో బస్తీ పేరు కొడితే దొరికేలా చేయాలి. సర్వర్‌లో ఉన్నది మైఎస్‌క్యూఎల్ 5.7. ప్రస్తుత పరిస్థితి ఇది:

పేజీ డేటా డౌన్‌లోడ్ చేస్తే జేసన్ ఫైళ్లు (డేటాను పేరు-విలువ జతలుగా రాసే టెక్స్ట్ ఫైళ్లు) వచ్చాయి కానీ తెలుగు ఒక్క ముక్క చదవడానికి లేదు. గ్రాఫ్ ఏపీఐని (ప్రోగ్రామ్‌తో ఫేస్‌బుక్ డేటా అడిగే దారి) పరీక్షించే ఎక్స్‌ప్లోరర్‌లో తెలుగు శుభ్రంగా వస్తోంది, కానీ టోకెన్ (అనుమతికి తాళంచెవి లాంటిది) గంట, రెండు గంటల్లో చచ్చిపోతోంది. టేబుల్‌లోకి ఎక్కిస్తుంటే చాలా పోస్టులు వెళ్తున్నాయి, కొన్ని మాత్రం "ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ" అంటూ 1366 ఎర్రర్‌తో ఆగిపోతున్నాయి. ఆ పోస్టుల్లో తెలుగు కూడా మిగతావాటిలాంటి తెలుగే.

టేబుళ్లు ఎలా విడగొట్టాలి? రోజూ నడిపినా డూప్లికేట్లు రాకూడదు. ఫోటో లింకులు దాచుకుంటే సరిపోతుందా?

---

కోఠి_కోడర్

డౌన్‌లోడ్ ఫైలునా, ఏపీఐనా దేన్ని నమ్ముకోవాలో ముందు తేల్చుకోండి. ఏపీఐనే నమ్ముకోండి. అందులో ప్రతి పోస్టుకూ ఒక ఐడీ వస్తుంది: పేజీ ఐడీ, అండర్‌స్కోర్, పోస్టు నంబరు. ఆ ఐడీ ఉంటేనే రేపు మళ్లీ నడిపినప్పుడు పాత వరుసను గుర్తుపట్టగలం. డౌన్‌లోడ్ ఫైలులో పోస్టుకు ఐడీ కనబడకపోతే, టైమునూ టెక్స్టునూ కలిపి పోల్చుకోవడం తప్ప దారి లేదు, అది రోజువారీ పనికి పనికిరాదు. ఆ ఫైలు పడేయకండి, ఎందుకో కింద చెప్తా.

టోకెన్ సంగతి. మీరు ఎక్స్‌ప్లోరర్‌లో తీసుకుంటున్నది తక్కువ ఆయుష్షున్న యూజర్ టోకెన్. దాంతోనే పేజీ టోకెన్ తీస్తే అదీ అంతే త్వరగా పోతుంది. వరుస ఇలా ఉండాలి:

మెటా డెవలపర్ సైటులో ఒక యాప్ తెరవండి. పేజీ అడ్మిన్‌గా ఉన్న అకౌంట్‌కు ఆ యాప్‌లోనూ రోల్ ఉండాలి. సొంత పేజీ చదువుకోవడానికి యాప్ రివ్యూ దాకా వెళ్లక్కర్లేదు, వేరేవాళ్ల పేజీల జోలికి వెళ్తేనే ఆ తంతు. పర్మిషన్లు మూడు: పేజెస్ షో లిస్ట్, పేజెస్ రీడ్ ఎంగేజ్‌మెంట్, పేజెస్ రీడ్ యూజర్ కంటెంట్. మూడోది మరిచిపోతే మీ పోస్టులు వస్తాయి, జనం రాసిన కామెంట్లు రావు. మీకు కావల్సింది అవే కదా.

వచ్చిన చిన్న టోకెన్‌ను యాప్ ఐడీ, యాప్ సీక్రెట్ జతచేసి మార్చుకుంటే 60 రోజుల యూజర్ టోకెన్ వస్తుంది. ఈ మార్పిడి సర్వర్ మీదే చేయాలి, సీక్రెట్ బ్రౌజర్‌లోకి రాకూడదు. ఆ 60 రోజుల టోకెన్‌తో "మి/అకౌంట్స్" పిలిస్తే మీ పేజీల జాబితాతో పాటు ఒక్కో పేజీకి ఒక్కో టోకెన్ ఇస్తుంది. దానికి గడువు తేదీ ఉండదు. యాక్సెస్ టోకెన్ డీబగ్గర్‌లో పెట్టి "ఎక్స్‌పైర్స్: నెవర్" అని కనబడిందో లేదో చూసుకున్నాకే కాన్ఫిగ్‌లో పెట్టండి.

గడువు లేదంటే చావు లేదని కాదు. ఆ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చినా, పేజీ రోల్ పోయినా, యాప్‌కిచ్చిన అనుమతి తీసేసినా 190 ఎర్రర్ వస్తుంది. 190 వస్తే మళ్లీ మళ్లీ ప్రయత్నించి లాభం లేదు. స్క్రిప్టు ఆగిపోయి మెయిల్ పంపేలా రాయండి.

ఇక లాగడం. పోస్టులకు ఐడీ, మెసేజ్, క్రియేటెడ్ టైమ్, అప్‌డేటెడ్ టైమ్, పర్మలింక్ యూఆర్ఎల్, అటాచ్‌మెంట్స్ అడగండి. ఫీడ్‌లో (పేజీ పోస్టుల జాబితా) ఒక్కో కాల్‌కు లిమిట్ 100 దాటదు. కానీ అటాచ్‌మెంట్లు, కామెంట్లు, రియాక్షన్లు అన్నీ ఒకే కాల్‌లో గుప్పించి లిమిట్ 100 పెడితే "డేటా తగ్గించి అడగండి" అనే అర్థంతో కోడ్ 1 వస్తుంది. అది రేట్ లిమిట్ (ఎన్ని కాల్స్ చేయొచ్చనే పరిమితి) కాదు, గంట ఆగినా పోదు. లిమిట్‌ను 25కి దించండి, అయినా వస్తే 10కి. ఇంకా మంచి పద్ధతి రెండు విడతలు: మొదటి విడతలో పోస్టులు మాత్రమే (4,000 పోస్టులకు 25 చొప్పున 160 కాల్స్, పెద్ద లెక్కేం కాదు), రెండో విడతలో ఒక్కో పోస్టు ఐడీ పట్టుకుని దాని కామెంట్లు.

పేజీలు తిప్పేటప్పుడు జవాబులో "నెక్స్ట్" లింకు లేకపోతేనే ఆపండి. 25 అడిగితే 19 వచ్చాయని, ఖాళీ జాబితా వచ్చిందని ఆపేస్తే వెనక సంవత్సరాలన్నీ మిస్సవుతాయి. ప్రైవసీ కారణంగా కొన్ని వరుసలు మధ్యలోనే రాలిపోతాయి, అయినా తర్వాతి పేజీ ఉంటుంది. కర్సర్‌ను (తర్వాతి పేజీ ఎక్కడ మొదలో చెప్పే గుర్తు) డేటాబేస్‌లో దాచుకుని వారం తర్వాత అక్కడి నుంచే మొదలెట్టే ఆలోచన వద్దు, కర్సర్లు చెల్లకుండా పోతాయి. రోజువారీ పనికి "సిన్స్" (ఎప్పటి నుంచి) పారామీటర్‌లో తేదీ ఇవ్వండి.

డౌన్‌లోడ్ ఫైలు ఎందుకు ఉంచుకోమన్నానంటే: ఫీడ్ ఏడాదికి సుమారు 600 పోస్టులే ఇస్తుందని ఫేస్‌బుక్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. మీది సగటున ఏడాదికి అంతకన్నా తక్కువే కావచ్చు, కానీ ఏదో ఒక ఏడు ఎక్కువ పెట్టి ఉంటారు. ఏడాదివారీగా రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉన్న ఏడాదిని "సిన్స్", "అన్‌టిల్"తో నెలనెలా ముక్కలు చేసి మళ్లీ లాగండి. అప్పటికీ రానివుంటే డౌన్‌లోడ్ ఫైలులోంచి తీసి నింపండి.

రేట్ లిమిట్‌కు ఊరికే స్లీప్ పెట్టకండి. పేజీ టోకెన్‌తో చేసే కాల్స్‌కు జవాబు హెడర్లలో బిజినెస్ యూజ్ కేస్ యూసేజ్ అని వస్తుంది. కాల్స్, సీపీయూ టైమ్, మొత్తం టైమ్ మూడూ శాతాల్లో ఉంటాయి. ఏదో ఒకటి 80 దాటగానే నెమ్మదించండి. బ్యాచ్‌లో 50 కాల్స్ కలిపి పంపితే లెక్క ఒకటే పడుతుందనుకుంటారు చాలామంది. 50కి 50 పడతాయి. నెట్‌వర్క్ రాకపోకలు తగ్గుతాయి, అంతే.

---

బర్కత్‌పుర_డీబీఏ

1366కి కారణం తెలుగు కాదు, ఎమోజీ. మైఎస్‌క్యూఎల్‌లో "యూటీఎఫ్8" అని పేరున్నది అక్షరానికి 3 బైట్ల వరకే పట్టుకుంటుంది. తెలుగు అక్షరాలు సరిగ్గా 3 బైట్లు, ఉర్దూ అక్షరాలు 2. కాబట్టి రెండూ హాయిగా వెళ్తాయి. ఎమోజీకి 4 బైట్లు కావాలి, అక్కడ కూలబడుతుంది. ఎర్రర్‌లో చూపించే బైట్లు "ఎఫ్0"తో మొదలవుతుంటే అదే సంగతి. తెలుగు సైట్లలో ఇది ఆలస్యంగా బయటపడేది అందుకే, టెస్టింగ్‌కు పెట్టిన పేరాలో ఎమోజీ ఎవరూ పెట్టరు.

మార్చాల్సినవి: డేటాబేస్, టేబుల్, కాలమ్, ఆ పైన కనెక్షన్. అన్నీ "యూటీఎఫ్8ఎంబీ4". చివరిది వదిలేస్తే మొదటి మూడూ మార్చినా లాభం లేదు. పీడీవోలో (పీహెచ్‌పీ డేటాబేస్ లైబ్రరీ) అయితే డీఎస్ఎన్‌లోనే (కనెక్షన్ వివరాల స్ట్రింగ్) క్యారెక్టర్ సెట్ రాయండి. బ్యాకప్ తీసేటప్పుడూ చూసుకోండి: 5.7తో వచ్చే మైఎస్‌క్యూఎల్‌డంప్ డిఫాల్ట్‌గా పాత 3 బైట్ల సెట్టుతోనే తీస్తుంది. టేబుల్‌లో ఎమోజీ బాగానే ఉంటుంది, బ్యాకప్‌లో ప్రశ్నార్థకం పడుతుంది, రీస్టోర్ చేసిన రోజున తెలుస్తుంది. డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ ఆప్షన్ చేత్తో ఇవ్వండి. 5.7కు సపోర్ట్ 2023 అక్టోబర్‌లోనే ముగిసింది. ఎలాగూ కొత్తగా కడుతున్నారు కాబట్టి 8కి వెళ్తే ఈ డిఫాల్ట్‌లన్నీ సరిగ్గా ఉంటాయి.

కాలమ్ సైజు. ఫేస్‌బుక్ పోస్టు 63,206 క్యారెక్టర్ల దాకా ఉండొచ్చు. టెక్స్ట్ కాలమ్ 65,535 బైట్లు. సరిపోతుందనిపిస్తుంది. తెలుగు 3 బైట్లు చొప్పున లెక్కేయండి: 21,845 దగ్గరే నిండిపోతుంది, అందులోనూ గుణింతాలు, వత్తులు, హలంతాలు వేటికవే లెక్క. మెసేజ్‌కు ఇంకా పెద్ద కాలమ్ రకమైన మీడియంటెక్స్ట్ పెట్టండి. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాను ఎర్రర్‌తో ఆపే సెట్టింగు) ఆఫ్ చేసి ఉన్న పాత సర్వరైతే ఎర్రర్ కూడా రాదు, తోక కత్తిరించి దాచేస్తుంది.

ఐడీలను నంబర్లుగా దాచకండి. పోస్టు ఐడీలో అండర్‌స్కోర్ ఉంది, కామెంట్ ఐడీలోనూ ఉంటుంది. పేజీ ఐడీ నంబరులా కనిపించినా మామూలు ఇంట్‌లో పట్టదు. మధ్యలో ఎక్సెల్‌లో తెరిచి చూసుకునే అలవాటుంటే ఆ ఫైలును మళ్లీ లోడ్ చేయొద్దు. ఎక్సెల్ 15 అంకెల దాకానే నిలుపుతుంది, ఆ తర్వాతివి సున్నాలైపోతాయి. ఐడీ కాలమ్‌కు వార్‌చార్ 64 (64 అక్షరాల దాకా టెక్స్టు), ఆస్కీ, బైనరీ కొలేషన్ (బైటుకు బైటు పోలిక) పెట్టండి. ఇండెక్స్ చిన్నగా ఉంటుంది, పోలిక కచ్చితంగా ఉంటుంది.

టేబుళ్లు నా లెక్క ప్రకారం ఇలా:

*ముడి:* వచ్చిన జేసన్ ఎలా వచ్చిందో అలా. ఏ ఎండ్‌పాయింట్ (ఏపీఐ చిరునామా), ఏ ఐడీ, ఎప్పుడు లాగాం, ఏపీఐ వెర్షన్ ఏది, జవాబు మొత్తం. ఇది వదలకండి. రేపు ఇంకో ఫీల్డ్ కావాలనిపిస్తే 4,000 పోస్టులు మళ్లీ లాగే పని తప్పుతుంది. పైగా గ్రాఫ్ ఏపీఐ వెర్షన్ ఒక్కొక్కటి సుమారు రెండేళ్లే బతుకుతుంది, ఈరోజు వచ్చే ఫీల్డ్ రేపు వస్తుందని లేదు.

*పోస్టులు:* ఐడీ ప్రైమరీ కీ (ఒక్కో వరుసను గుర్తించే విలువ). మెసేజ్, క్రియేటెడ్, అప్‌డేటెడ్, పర్మలింక్, చివరిసారి కనబడిన సమయం, తొలగించిన సమయం (మామూలుగా నల్, అంటే విలువ లేదని). మెసేజ్ కూడా నల్ కావొచ్చు. ఫోటో మాత్రమే పెట్టిన పోస్టుకు జేసన్‌లో ఆ కీ ఉండనే ఉండదు, ఖాళీ స్ట్రింగ్ కూడా రాదు.

*కామెంట్లు:* ఐడీ, పోస్టు ఐడీ, పేరెంట్ కామెంట్ ఐడీ (పై స్థాయి కామెంటుకు నల్), మెసేజ్, సమయం, రాసినవారి ఐడీ (ఇదీ నల్ కావొచ్చు).

*అటాచ్‌మెంట్లు:* పోస్టు ఐడీ, వరుస సంఖ్య, రకం, ఫోటో ఐడీ, మన డిస్కులో ఫైలు దారి, హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి విలువ). ఆల్బమ్ పోస్టులో ఫోటోలు సబ్‌అటాచ్‌మెంట్స్ లోపల ఉంటాయి, పైనున్న ఒక్కటి తీసుకుని ఆగిపోకండి.

*లెక్కలు:* పోస్టు ఐడీ, లెక్క తీసిన సమయం, రకం, సంఖ్య. లైక్, లవ్, హాహా, వావ్, శాడ్, యాంగ్రీ, షేర్లు, కామెంట్లు ఒక్కోటీ ఒక్కో వరుస. వీటిని పోస్టుల టేబుల్‌లో కాలమ్‌లుగా పెట్టకండి. పోస్టు టెక్స్టు పదేళ్లయినా మారదు, లెక్క గంటకోసారి మారుతుంది. రెండూ ఒక చోట ఉంటే ప్రతి రాత్రీ మీడియంటెక్స్ట్ ఉన్న టేబుల్‌ను ఊరికే కదిలించినట్టు, పాత లెక్క కూడా పోతుంది. పేజీ ఇన్‌సైట్స్ (పేజీ గణాంకాలు) తీసుకున్నా ఇదే ఆకారం వాడండి. అక్కడ మెట్రిక్ పేర్లు రద్దవుతూ ఉంటాయి, కాలమ్‌గా పెడితే చచ్చిన కాలమ్‌లు మిగులుతాయి.

డూప్లికేట్ల గురించి అడిగారు. "ఇన్సర్ట్ ... ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్" వాడండి. "రిప్లేస్" మాత్రం వద్దు. అది అప్‌డేట్ చేయదు, పాత వరుస తీసేసి కొత్తది పెడుతుంది. కామెంట్ల ఫారిన్ కీ (కామెంటును దాని పోస్టు వరుసకు కట్టే లంకె) మీద "ఆన్ డిలీట్ క్యాస్కేడ్" (పోస్టు పోతే కామెంట్లూ పోవాలనే నియమం) ఉంటే పోస్టును రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ దాని కామెంట్లన్నీ ఎగిరిపోతాయి. ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు. ఈ డిజైన్‌లో అసలు క్యాస్కేడే పెట్టకపోవడం మేలు, పోస్టును మనం నిజంగా డిలీట్ చేసే సందర్భం తక్కువ. "ఇన్సర్ట్ ఇగ్నోర్" కూడా అలాంటిదే, డూప్లికేట్‌తో పాటు అసలు ఎర్రర్లను కూడా వార్నింగులుగా మార్చి మింగేస్తుంది.

సమయం. ఏపీఐ ఇచ్చేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), చివర "+0000" ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ 8.0.19 నుంచి ఆఫ్‌సెట్ అర్థం చేసుకుంటుంది కానీ మధ్యలో కోలన్ ఉండాలి, ఈ రూపం తీసుకోదు. పీహెచ్‌పీలోనే డేట్‌టైమ్‌గా మార్చి, యూటీసీగానే డేట్‌టైమ్ కాలమ్‌లో పెట్టి, చూపించేటప్పుడు 5:30 కలపండి. మీ పేజీకి ఇది ఎక్కడ తగులుతుందంటే, 1908 మూసీ వరద రోజని సెప్టెంబర్ 28 తెల్లవారుజామున 5 గంటలకు పెట్టిన పోస్టు యూటీసీలో 27 రాత్రి 11:30. తేదీవారీ పేజీ కడితే అది ముందు రోజు కింద పడుతుంది. కన్వర్ట్ టీజెడ్ ఫంక్షన్‌కు "ఏషియా/కోల్‌కతా" అని ఇస్తే, సర్వర్‌లో టైమ్‌జోన్ టేబుళ్లు లోడ్ చేసి లేనప్పుడు నల్ వస్తుంది. "+05:30" ఇస్తే ఏ సర్వర్‌లోనైనా పని చేస్తుంది, మనకు డేలైట్ సేవింగ్ గొడవ లేదు.

---

నాంపల్లి_లిపి

డౌన్‌లోడ్ ఫైలులో తెలుగు పోలేదు, లోపలే ఉంది. ఫేస్‌బుక్ ఆ ఫైలు రాసేటప్పుడు ఒక్కో యూటీఎఫ్-8 బైటును ఒక్కో అక్షరంగా ఎస్కేప్ చేస్తుంది. తెలుగు అక్షరం 224, 176 లేదా 177, ఆపైన ఇంకో బైటు. అందుకే మీకు నెత్తిన గీత ఉన్న రోమన్ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వరుసగా కనిపిస్తూ ఉంటాయి.

సరిచేయడం: ముందు జేసన్‌ను పార్స్ చేయాలి (ప్రోగ్రామ్‌తో విడదీసి చదివించాలి). తర్వాత ప్రతి స్ట్రింగ్‌నూ లాటిన్-1 (ఐఎస్ఓ-8859-1) బైట్లుగా మార్చి, ఆ బైట్లను యూటీఎఫ్-8గా చదవాలి. పీహెచ్‌పీలో ఎంబీ కన్వర్ట్ ఎన్‌కోడింగ్‌తో యూటీఎఫ్-8 నుంచి ఐఎస్ఓ-8859-1కి మారిస్తే బయటికొచ్చేదే అసలు తెలుగు. ఫైలు మొత్తాన్ని పార్స్ చేయకముందే మార్చబోతే పని చేయదు, అక్కడ ఉన్నవి ఎస్కేప్ రూపాలు. ఇంకొకటి: విండోస్-1252 వాడకండి. చూడటానికి లాటిన్-1లాగే ఉంటుంది కానీ 128 నుంచి 159 వరకు వేరు. "క"లో మూడో బైటు 149. అంటే "త" సరిగ్గా వచ్చి "క", "చ" విరిగిపోతాయి. కొన్ని పదాలు బాగుండి కొన్ని చెడితే ముందు ఇదే అనుమానించండి.

వెతుకుడు గురించి. కామెంట్ టెక్స్టును ఉన్నదున్నట్టు ఒక కాలమ్‌లో, వెతకడానికి శుభ్రం చేసిన ప్రతిని ఇంకో కాలమ్‌లో పెట్టండి. మొదటిదాన్ని ఎప్పుడూ ముట్టుకోవద్దు. రెండోదానికి చేయాల్సినవి:

యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ (ఒకే అక్షరానికున్న వేర్వేరు కోడ్ రూపాలను ఒకటి చేయడం). ఐత్వం ఒకే కోడ్‌గా ఉండొచ్చు, ఎత్వం గుర్తు, దాని కింద ఐ పొడవు గుర్తు అని రెండుగానూ ఉండొచ్చు. కంటికి ఒకటే, పోలికలో కాదు. పీహెచ్‌పీ ఐఎన్‌టీఎల్ ఎక్స్‌టెన్షన్‌లో దీనికి నార్మలైజర్ ఉంది.

జీరో విడ్త్ నాన్ జాయినర్ తీసేయడం. "బన్సీలాల్‌పేట" అని ఒక కీబోర్డు "ల్" తర్వాత ఆ కనబడని అక్షరం పెడుతుంది, ఇంకో కీబోర్డు పెట్టదు, ఇంకొకరు ఖాళీ వదులుతారు. మూడూ వేర్వేరు స్ట్రింగులు. ఊరిపేర్లలో ఇది విపరీతం: హైటెక్‌సిటీ, అమీర్‌పేట, మలక్‌పేట. ఈ అక్షరాన్ని అసలు టెక్స్టులోంచి తీసేస్తే మాత్రం వత్తు కింద పడి రూపమే మారిపోతుంది, అందుకే రెండు కాలమ్‌లు అంటున్నా.

ఉర్దూకు: అరబిక్ కీబోర్డుతో రాసినవాళ్ల యే, కాఫ్ వేరే కోడ్‌లు, ఉర్దూ కీబోర్డువి వేరు. రెండింటినీ ఉర్దూ రూపానికి మార్చండి. లేకపోతే "చౌక్" కొడితే సగమే వస్తాయి.

ఇవన్నీ చేసినా స్పెల్లింగ్ తేడాలు పోవు. మోజంజాహీ మార్కెట్, మొజంజాహి, ఎంజే మార్కెట్. పురానాపూల్, పురానాపుల్. దీనికి ప్రోగ్రామ్ కన్నా ఒక చిన్న టేబుల్ మేలు: స్థలం ఐడీ, అసలు పేరు ఒక టేబుల్‌లో, స్థలం ఐడీ, మారుపేరు, లిపి ఇంకో టేబుల్‌లో. తెలుగు, ఉర్దూ, రోమన్ రూపాలన్నీ అందులో పడేసి, ఒక్కో మారుపేరుకు కామెంట్లు వెతికి, దొరికినవాటిని కామెంట్-స్థలం అనే మూడో టేబుల్‌లో జతలుగా రాయండి. సైటులో వెతికినప్పుడు ఆ జతల టేబుల్‌ను మాత్రమే చూస్తారు. ఓపిగ్గా కూర్చుంటే రెండు మూడు వందల మారుపేర్లతో మీ పేజీ అవసరం చాలావరకు తీరుతుంది. స్వేచ్ఛగా పదాలు వెతకాలంటే 5.7లోనే ఎన్‌గ్రామ్ పార్సర్‌తో (టెక్స్టును కొన్నేసి అక్షరాల ముక్కలుగా కోసేది) ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ పెట్టుకోవచ్చు. డిఫాల్ట్ టోకెన్ సైజు 2 తెలుగుకు మరీ చిన్నది, "కా" అంటేనే రెండు కోడ్‌లు. 3కో 4కో పెంచి చూడండి. ఒకటే షరతు, ఆ సెట్టింగు మారిస్తే సర్వర్ రీస్టార్ట్ చేసి ఇండెక్స్ మళ్లీ కట్టాలి. అంతకన్నా చిన్న మాటలు దొరకవన్నదీ గుర్తుంచుకోండి.

---

మూసీగట్టు

అందరికీ థాంక్స్. కోఠి_కోడర్ గారు చెప్పిన వరుసలో వెళ్తే డీబగ్గర్‌లో "నెవర్" కనబడింది. ఎంబీ4 చేశాక 1366 కూడా పోయింది.

ఇప్పుడు రెండు కొత్త సందేహాలు. ఒక పోస్టుకు కామెంట్ల సమరీలో 214 అంటోంది, లాగితే 131 మాత్రమే వచ్చాయి. నెక్స్ట్ లింకు లేనిదాకా తిప్పాను. రెండోది, పేరెంట్ కామెంట్ మీద ఫారిన్ కీ పెడితే కొన్ని రిప్లైలు ఎక్కనంటున్నాయి.

---

కోఠి_కోడర్

కామెంట్స్ ఎండ్‌పాయింట్ డిఫాల్ట్‌గా పై స్థాయివి మాత్రమే ఇస్తుంది. ఫిల్టర్‌కు "స్ట్రీమ్" అని ఇవ్వండి, రిప్లైలు కూడా ఒకే వరుసలో వస్తాయి. అప్పుడు ఫీల్డ్స్‌లో "పేరెంట్" అడగడం తప్పనిసరి, లేకపోతే ఏది దేనికి రిప్లైనో తెలియదు. అప్పటికీ 214 కచ్చితంగా రాకపోవచ్చు. తీసేసినవి, దాచినవి, అకౌంట్ మూసేసినవాళ్లవి లెక్కలో ఉండి జాబితాలో లేకపోవడం మామూలే. కాబట్టి "సమరీ సంఖ్యకు సరిపోయేదాకా లాగు" అనే లూప్ రాయకండి, ఎప్పటికీ ఆగదు.

ఆర్డర్‌ను "క్రోనోలాజికల్" పెడితే పేరెంట్ ముందు, రిప్లై తర్వాత వస్తుంది. మీ రెండో సమస్య సగం అక్కడే తీరుతుంది.

---

బర్కత్‌పుర_డీబీఏ

మిగతా సగం: పేరెంట్ కామెంట్ తీసేసి ఉండటమో, మనకు కనబడకపోవడమో. అప్పుడు రిప్లై వస్తుంది, దాని పేరెంట్ మన టేబుల్‌లో ఉండదు. మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీ తనిఖీని కమిట్ (మార్పులను ఖాయం చేసే క్షణం) దాకా వాయిదా వేసే సౌకర్యం లేదు. పేరెంట్ ఐడీ మీద ఫారిన్ కీ తీసేసి మామూలు ఇండెక్స్ ఉంచండి. కామెంట్ నుంచి పోస్టుకు ఉన్న ఫారిన్ కీ మాత్రం ఉంచండి, అది తప్పితే నిజంగానే ఏదో తేడా ఉన్నట్టు. అనాథ రిప్లైలు ఎన్నున్నాయో వారానికోసారి ఒక లెఫ్ట్ జాయిన్‌తో చూసుకుంటే చాలు. ఫారిన్ కీ చెక్స్ ఆఫ్ చేసి లోడ్ చేయమని కొన్నిచోట్ల రాస్తారు. మళ్లీ ఆన్ చేసినంత మాత్రాన అప్పటిదాకా ఎక్కిన తప్పు వరుసలను అది వెనక్కి తిరిగి చూడదు.

---

తార్నాక_ఎలిఫెంట్

మధ్యలో దూరుతున్నా, కొత్తగా కడుతున్నప్పుడు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎందుకు కాకూడదు? ఎమోజీ గొడవ లేదు, టెక్స్ట్ టైపుకు సైజు చూసుకునే పని లేదు, "+0000" ఉన్నదున్నట్టు తీసుకుంటుంది, వాయిదా వేసే ఫారిన్ కీ ఉంది, డూప్లికేట్లకు "ఆన్ కాన్‌ఫ్లిక్ట్" 9.5 వెర్షన్ నుంచీ ఉంది. ముడి జేసన్‌కు జేసన్‌బీ అనే కాలమ్ రకం ఉంది. జేసన్‌బీలో ఒకటే చిక్కు, లోపల సున్నా కోడ్ అక్షరం ఎస్కేప్ రూపంలో ఉంటే లోడ్ ఆగిపోతుంది. ముందే దాన్ని తీసేయాలి, లేదా ముడి కాలమ్‌ను ఉత్త టెక్స్ట్‌గా పెట్టాలి.

---

బర్కత్‌పుర_డీబీఏ

తప్పేం లేదు. హోస్టింగ్‌లో అది ఉంటే వాడుకోవచ్చు. మూసీగట్టు గారిది పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ఇప్పటికే నడుస్తున్న సర్వర్, 4,000 పోస్టులు. ఈ సైజుకు ఏదైనా సరిపోతుంది. టేబుళ్ల ఆకారం ఒకటే.

---

నాంపల్లి_లిపి

ఫోటో లింకుల ప్రశ్నకు ఎవరూ పూర్తిగా జవాబివ్వలేదు. ఏపీఐ ఇచ్చే ఫోటో యూఆర్ఎల్‌లో గడువు, సంతకం రెండూ ఇమిడి ఉంటాయి. "ఓఈ" అనే పారామీటర్‌లో హెక్సాలో ఉన్నదే గడువు సమయం. అది దాటితే లింకు పని చేయదు, తోక కత్తిరించినా చేయదు. కాబట్టి లాగిన పూటే ఫోటో దించుకోండి. ఫోటో ఐడీ పట్టుకుని "ఇమేజెస్" ఫీల్డ్ అడిగితే రకరకాల సైజులు వెడల్పు, ఎత్తులతో వస్తాయి, అన్నింటికన్నా పెద్దది తీసుకోండి. అదీ మీరు ఎక్కించిన అసలు ఫైలు కాదు, ఫేస్‌బుక్ కుదించిన ప్రతి. పాత కట్టడాల ఫోటోలు కాబట్టి, ఒరిజినల్స్ ఎవరి కెమెరాలోనైనా ఉంటే వాటిని వేరే కాలమ్‌లో జతచేసే వీలు ఇప్పుడే పెట్టుకోండి.

ఫైళ్లను డేటాబేస్‌లో బ్లాబ్‌గా (కాలమ్‌లోనే బైనరీ డేటాగా) పెట్టొద్దు. డిస్కులో పెట్టి, పేరుగా ఫోటో ఐడీ వాడి, టేబుల్‌లో దారి, షా-256 హ్యాష్ ఉంచండి. ఒకే ఫోటోను ఏటా అదే తేదీకి మళ్లీ పెట్టే అలవాటు ఇలాంటి పేజీలకు ఉంటుంది. ఐడీ వేరైనా, కొన్ని కేసుల్లో హ్యాష్ పట్టిస్తుంది. ఫేస్‌బుక్ రెండుసార్లు వేర్వేరుగా కుదిస్తే పట్టించదు.

---

మూసీగట్టు

ఇంకొక్కటి. ఎవరైనా తమ కామెంట్ తీసేస్తే మన దగ్గర ఉండిపోతుంది కదా? సైటులో పేర్లతో సహా చూపించొచ్చా?

---

కోఠి_కోడర్

తీసేసిన సంగతి మామూలు లాగుడులో ఏపీఐ చెప్పదు, ఊరికే జాబితాలోంచి మాయమవుతుంది. అందుకే బర్కత్‌పుర గారు "చివరిసారి కనబడిన సమయం" పెట్టమన్నది. ఒక పోస్టు కామెంట్లను చివరి పేజీ దాకా ఎర్రర్ లేకుండా లాగాకే, ఆ విడతలో కనబడని వాటికి తొలగించిన సమయం వేయండి. మధ్యలో రేట్ లిమిట్ తగిలి ఆగిన విడతకు ఈ లెక్క వేస్తే బతికున్న కామెంట్లన్నీ చచ్చినట్టు నమోదవుతాయి. అప్పటికప్పుడు తెలియాలంటే వెబ్‌హుక్‌లో (మార్పు జరగ్గానే ఫేస్‌బుక్ మన యూఆర్ఎల్‌కు కబురు పంపే ఏర్పాటు) "ఫీడ్"కు సబ్‌స్క్రైబ్ అయితే తీసేసినప్పుడు "రిమూవ్" అని కబురొస్తుంది. షా-256 సంతకం సరిచూశాకే నమ్మండి, ఆ యూఆర్ఎల్ ఎవరైనా కొట్టొచ్చు.

తీసేసినదాన్ని సైటులో చూపించకండి. కొన్నాళ్లాగి ముడి టేబుల్‌లోంచి కూడా తుడిచేయండి. ఆ రెండోది అందరూ మరిచిపోతారు, పైటేబుల్‌లో పోయి కింద జేసన్‌లో మిగులుతుంది. అందుకని ముడి టేబుల్‌లో ఒక్కో కామెంటును ఒక్కో వరుసగా పెట్టడం మంచిది, 100 కామెంట్ల జవాబు ఒకే ముద్దగా ఉంటే ఒకదాన్ని తీయడం నరకం.

పేర్లు: మెటా షరతులు ఉన్నాయి, మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. పబ్లిక్ పేజీలో రాశారు కదా అని సైటులో పేరుతో వేసేయడం వేరే వాడకం కిందికి రావచ్చు. పేరు లేకుండా "ఒక పాఠకుడు, 2019" అని కామెంటు టెక్స్టు చూపించండి, పేరుతో వేయాలనుకున్నవారిని పేజీ ద్వారా అడిగి ఒప్పుకున్నాక వేయండి. దీనికి రాసినవారి టేబుల్ విడిగా ఉండాలి: ఐడీ, పేరు, అనుమతి ఉందా, ఎప్పుడిచ్చారు. కామెంట్ల టేబుల్‌లో పేరు కాలమ్ పెట్టకండి. ఎవరైనా తమ పేరు తీసేయమంటే ఒక్క వరుసతో పని అయిపోతుంది.

క్రాన్ (వేళకు స్క్రిప్టును నడిపే ఏర్పాటు) విషయానికొస్తే, రాత్రి ఒకసారి గత 30 రోజుల పోస్టులు, వాటి కామెంట్లు. మిగతా పాతవి ఏడు భాగాలు చేసి వారంలో రోజుకొక భాగం. పాత పోస్టుల కింద ఇప్పటికీ కామెంట్లు వస్తుంటాయి కాబట్టి ఆ రెండోది మానకండి.